చాందినీ మెడ ఎందుకు తిరిగింది? ఒక ముర్గీ బీమారీ, దాని వెనక వందేళ్ల తారీఖ్



పోయిన చలికాలం ఒక జుమేరాత్ రాత్రి మా ఇంట్లో రెండు ప్రాణాలకు నిద్ర లేదు. ఒకటి నేను. రెండోది మా ముర్గీ చాందినీ. బాత్రూమ్‌లో అట్టపెట్టెలో గోనెసంచి పరిచి పడుకోబెట్టాను. తల వెనక్కి, వీపు మీదికి వాలిపోయి, ముక్కు ఆకాశం వైపు తిరిగి ఉంది. లేపి నిలబెడితే రెండు అడుగులు వేసి వెనక్కి కూలబడుతోంది. కళ్లు మాత్రం తేటగా ఉన్నాయి. గింజ కనబడితే తినాలని చూస్తుంది, కానీ ముక్కు గింజ దాకా పోదు.

మేముండేది పాశమైలారంలో, కంపెనీల వెనక బస్తీలో. 2025 జూన్ 30న ఇక్కడ ఒక ఫ్యాక్టరీలో జరిగిన పేలుడు తర్వాత ఊరి పేరు చెప్తే చాలు, అవతలివాళ్లు ముందు "ఖైరియత్ హై నా?" అని అడుగుతున్నారు. ఆ తర్వాతి వారాల్లో మా గల్లీలో చాలా గదులు ఖాళీ అయ్యాయి. అట్లా వతన్‌కు వెళ్లిపోయిన ఒక బిహారీ కుటుంబం పోతూ పోతూ తమ కోడిని మా బిడ్డ చేతుల్లో పెట్టింది. "మళ్లీ వస్తే తీసుకుంటాం, లేకపోతే మీదే" అన్నారు. మా అమ్మీ అప్పుడే ఒక మాటంది: "రానీ రాకపోనీ, అది అమానత్." తెల్లటి ఒళ్లు కాబట్టి బిడ్డ చాందినీ అని పేరు పెట్టింది.

అమానత్ మెడ ఇట్లా తిరిగింది.

సాయంత్రం పక్కింటి అక్క చూసి, "కొక్కెర తగిలింది భాయ్. ఇంకా సోయి ఉండగానే కోసెయ్యండి, లేకపోతే నా కోళ్లన్నీ పోతయి" అంది. ఆమె మాట తీసిపారేయడానికి లేదు. ఆమెకు భర్త లేడు. పన్నెండు కోళ్లు, వాటి గుడ్లే ఆమె రిజ్క్. కింద గదిలో ఉండే బిహారీ కుర్రాడు తలూపి, "రాణీఖేత్ హై" అన్నాడు. కొక్కెర, రాణీఖేత్, రెండూ ఒకే మర్జ్ పేర్లు. జిబహ్ చేస్తే బిడ్డ ముఖం చూడలేను. చేయకపోతే అక్క పన్నెండు కోళ్ల వబాల్ నా మెడకు చుట్టుకుంటుంది. పొద్దున డాక్టర్ సాబ్ చూసేదాకా ఇల్లు దాటనివ్వనని అక్కకు మాటిచ్చి, రాత్రంతా ఫోన్‌లో చదువుతూ కూర్చున్నాను. ఆ రాత్రి చదివిందీ, తర్వాత తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఒక కోడి మెడ పట్టుకుని పోతే జావా జైళ్ల దాకా, నెల్లూరు దాకా, మన తార్నాక దాకా తారీఖ్ సాగుతుందని నాకూ తెలియదు.

రాణీఖేత్ అనే పేరు

రాణీఖేత్ ఒక ఊరు. కుమావూ కొండల్లో ఫౌజీ ఛావనీ. ఈ బీమారీ మొదట గుర్తించింది మాత్రం అక్కడ కాదు. 1926లో జావా దీవిలో కోళ్లు కుప్పలుగా చచ్చిపోయాయి. అదే ఏడాది ఇంగ్లండులో న్యూకాసిల్ అనే రేవు పట్టణం దగ్గరా అదే జరిగింది. అక్కడ డాయిల్ అనే శాస్త్రవేత్త దీన్ని పరిశీలించి, ఇది వేరే వైరస్ అని తేల్చి, ఊరి పేరే పెట్టాడు. దునియా అంతా న్యూకాసిల్ జబ్బు అంటుంది. ఏడాది తిరక్కుండానే అది మన దేశంలో రాణీఖేత్ దగ్గర కనబడింది. 1928లో ఎడ్వర్డ్స్ దాని గురించి రాశాక ఇక్కడ ఆ పేరే ఖాయమైంది. బీమారీ ఎక్కడ పుట్టినా బద్‌నామ్ మాత్రం ఆ కొండ ఊరికి మిగిలింది.

దాని మీద గెలుపు కూడా ఆ కొండల్లోనే మొదలైంది. రాణీఖేత్‌కు దూరం కాని ముక్తేశ్వర్‌లో అప్పటి సర్కారు పశువైద్య పరిశోధన సంస్థ ఉండేది. అక్కడ వైరస్‌ను కోడిగుడ్లలో మళ్లీ మళ్లీ పెంచి, దాని జోరు తగ్గించి, టీకాగా మార్చారు. ఈ రోజుకీ ఎనిమిది వారాల పిల్లలకు రెక్క కింద వేసే ఆర్‌టూబీ టీకా ఆ ముక్తేశ్వర్ రకమే. మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో చుక్కగా వేసే లసోటా మాత్రం అమెరికాలోని ఒక కోళ్లఫారం యజమాని ఇంటిపేరు. మన దగ్గర హైదరాబాద్ శాంతినగర్‌లోని సర్కారు పశు టీకాల సంస్థ కూడా వీటిని తయారు చేస్తుంది.

రాణీఖేత్ నిషానీలు చదివాను. ముక్కు తెరిచి ఆయాసపడటం, ఆకుపచ్చ పారుడు, రెక్కలు వాలడం, చివరికి మెడ మెలితిరగడం. టీకా పడని మందలో కొన్ని రోజుల్లోనే దాదాపు అన్నీ పోవచ్చు. చాందినీకి మెడ ఒక్కటే కలిసింది. ఆయాసం లేదు, ఆకుపచ్చ పారుడు లేదు. పైగా నెల రోజులుగా అది డాబా దిగనే లేదు.

ఇంకో పేరు కూడా కనబడింది. మారెక్ జబ్బు. 1907లో బుడాపెస్ట్‌లో యోజెఫ్ మారెక్ అనే పశువైద్యుడు కాళ్లు చచ్చుబడిన నాలుగు పుంజుల గురించి రాశాడు. అందులో ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాపి కోడి పడిపోతుంది. ఎక్కువగా లేత వయసు కోళ్లకు వస్తుంది. చాందినీ ఏడాది దాటిన పెట్ట. అదీ సరిగ్గా కలవలేదు.

మరి ఏమిటిది?

డాక్టర్ సాబ్ అడిగిన సవాల్

పొద్దున ఫజర్ కాగానే పెట్టె స్కూటర్ మీద పెట్టుకుని సర్కారీ పశువుల దవాఖానాకు పోయాను. బిడ్డ వెనక కూర్చుంది, స్కూల్ మానేసి. డాక్టర్ సాబ్ గొంతు చూశారు, రెక్కలు విప్పి చూశారు, రొమ్ము ఎముక తడిమారు. తర్వాత బీమారీ గురించి కాకుండా వేరే సంగతి అడిగారు.

"ఏం తినిపిస్తున్నారు భాయ్?"

"అన్నం, సాబ్. సన్న బియ్యం అన్నం. మేం తిన్నదే."

"గింజలు? పురుగూ పుట్రా? ఆకుకూర?"

"లేదు సాబ్. నెల కింద రక్తం పారుడు అయింది. అప్పటినుంచి డాబా మీదనే కట్టేసి మెత్తటి అన్నమే పెడుతున్నం. కింద వాగు నీళ్లు తాగుతదని భయం."

"పారుడుకు ఏం వాడారు?"

జేబులోంచి పొడి డబ్బా తీసి చూపించాను. ఆంప్రోలియం. ఆయన పేరు చదివి, "ఎన్ని రోజులు?" అన్నారు.

మూడు వారాలన్నాను. వారంలోపే పారుడు తగ్గింది, కానీ మళ్లీ వస్తుందేమోనని ఆపలేదు. తొందరగా నయం కావాలని రాసినదానికి రెట్టింపు కలిపాను. ఆ మాట చెప్తుంటే ఆయన ముఖం మారడం చూశాను. బిడ్డ కూడా చూసింది.

"మీరు దీనికి బీ వన్ లేకుండా చేశారు" అన్నారు డాక్టర్ సాబ్. "రాణీఖేత్ కాదని ల్యాబ్ లేకుండా కసమ్ వేయలేను, వేరుగానే ఉంచండి. కానీ సూది వేసి చూద్దాం. నేననుకున్నదైతే తొందరగా తెలిసిపోతది."

జావా కోళ్లు

ఇక్కడ నూట ముప్పై అయిదేళ్లు వెనక్కి పోవాలి.

అప్పట్లో డచ్చివాళ్ల ఏలుబడిలో ఉన్న జావాలో సిపాయిలు, ఖైదీలు, నావికులు బెరిబెరి అనే మర్జ్‌తో పోతుండేవారు. కాళ్లు మొద్దుబారి, నడక పోయి, చివరికి గుండె ఆగిపోయేది. అది సూక్ష్మజీవుల జమానా. పాశ్చర్, కోహ్ పేర్లు మారుమోగుతున్న కాలం. ప్రతి మర్జ్‌కూ ఒక క్రిమి ఉండాలి అనుకునేవారు. క్రిమిని పట్టుకోవడానికి 1886లో వచ్చిన బృందంలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే ఫౌజీ డాక్టర్ ఉన్నాడు. బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, సైనిక ఆస్పత్రి ఆవరణలో ఆయన ప్రయోగశాల. ప్రయోగాలకని కోళ్లు పెంచాడు.

ఒకసారి జూలైలో కోళ్లన్నీ తూలడం మొదలుపెట్టాయి. కాళ్లు పట్టు తప్పి, పడిపోయి, ఊపిరి ఆడక చచ్చిపోతున్నాయి. క్రిమి ఎక్కించినవీ, ఎక్కించనివీ ఒకే తీరుగా. నవంబరు చివర ఎంత వింతగా వచ్చిందో అంత వింతగా బీమారీ మాయమైంది. ఐక్‌మన్ ఆరా తీస్తే సంగతి వంటింట్లో బయటపడింది. ప్రయోగశాల నౌకరు ఖర్చు కలిసొస్తుందని జూన్ 17 నుంచి ఆస్పత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం కోళ్లకు పెడుతున్నాడు. నవంబరులో వంటవాడు మారాడు. కొత్తవాడు ఫౌజీ అన్నం సివిలియన్ కోళ్లకు ఇవ్వనని మొండికేశాడు. అన్నం ఆగింది, కోళ్లు లేచాయి.

ఒక బావర్చీ జిద్దు వల్ల వైద్య చరిత్ర మలుపు తిరిగింది. ఐక్‌మన్ పాలిష్ బియ్యం పెట్టి కావాలని కోళ్లకు జబ్బు రప్పించాడు, తవుడు పెట్టి పోగొట్టాడు. అయినా చాలాకాలం ఆయన సరైన కారణం చెప్పలేకపోయాడు. తెల్లబియ్యంలో ఏదో జహర్ ఉంది, తవుడు దానికి విరుగుడు అనుకున్నాడు. ఉన్నదాన్ని వెతికే కంటికి లేనిది కనబడదు. జహర్ కాదు, ఆహారంలో ఒక పదార్థం కొరవడిందని 1901లో చెప్పింది ఆయన తర్వాత ఆ పని చేపట్టిన గెరిట్ గ్రైన్స్.

మధ్యలో ఫోర్డర్‌మన్ అనే అధికారి జావా, మదురా దీవుల్లోని 101 జైళ్ల లెక్క తీశాడు. సుమారు 2 లక్షల 80 వేల ఖైదీలు. పొట్టు మిగిలిన బియ్యం తిన్న జైళ్లలో బెరిబెరి పది వేలకు ఒకరికి. పాలిష్ బియ్యం తిన్న జైళ్లలో 39 మందికి ఒకరికి. కోళ్లు చెప్పిందే మనుషులూ చెప్పారు. 1912లో ఫంక్ ఇట్లాంటి పదార్థాలకు విటమిన్ అని పేరు పెట్టాడు. 1926లో జావాలోనే యాన్సెన్, డోనాత్ అనే ఇద్దరు తవుడు నుంచి బీ వన్ స్ఫటికాలు తీశారు. కోడి మెడను తిప్పే రెండు బీమారీలలో ఒకటి మొదట కనబడింది, రెండోదానికి దవా చేతికొచ్చింది ఒకే దీవిలో, ఒకే ఏడాది. 1929లో ఐక్‌మన్‌కు నోబెల్ వచ్చింది.

నెల్లూరు బిడ్డ, సర్కారు జిల్లాల అన్నం

ఈ తారీఖ్‌లో మన తెలుగు గడ్డ వాటా చిన్నది కాదు.

బీ వన్‌ను, అంటే థయమిన్‌ను, 1936లో ప్రయోగశాలలో తయారు చేసి చూపించిన రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ ఆర్. విలియమ్స్. ఆయన 1886లో నెల్లూరులో పుట్టాడు. తల్లిదండ్రులు అమెరికా బాప్టిస్టు మిషనరీలు. 1910 ప్రాంతంలో మనీలాలో పనిచేస్తుండగా వెడర్ అనే ఫౌజీ డాక్టర్ ఆయన చేతికి తవుడు కషాయం ఇచ్చి, ఇందులో బెరిబెరి పసిపిల్లలను బతికించేది ఏదో ఉంది, అదేమిటో కనుక్కోమన్నాడు. పగలు టెలిఫోన్ కంపెనీలో రసాయన శాస్త్రవేత్తగా నౌకరీ చేస్తూ, మిగిలిన సమయంలో పాతికేళ్లు ఆ ఒక్క సవాల్ వెంట పడ్డాడు. పేటెంటు నుంచి వచ్చిన ఆమ్‌దనీలో పెద్ద భాగం పోషకాహార లోపాల మీద పోరాటానికే నిధిగా పెట్టించాడు.

అదే కాలంలో మన కోస్తా జిల్లాలు, ఇంగ్లీషువాళ్లు ఉత్తర సర్కారులు అన్నవి, బెరిబెరికి పేరుపడ్డ ఇలాకాగా ఉండేవి. తమిళనాడులోనూ అన్నమే తినేవారు, అక్కడ అంత లేదు. తేడా ఎక్కడ? అక్కడ ఉప్పుడు బియ్యం. వడ్లను ఉడకబెట్టినప్పుడు పైపొరలోని బీ వన్ గింజ లోపలికి దిగుతుంది, ఆ తర్వాత మరపట్టినా కొంత మిగులుతుంది. మన సర్కారు జిల్లాల్లో పచ్చి వడ్లు మరపట్టి, తెల్లగా పాలిష్ చేసి, కడిగి, గంజి వార్చి తినేవారు. దంపుడు బియ్యం పోయి రైసు మిల్లు వచ్చాక బెరిబెరికి దారి పడింది.

మెకారిసన్ అనే డాక్టర్ 1918లో నీలగిరి కొండల్లో కూనూరులో, పాశ్చర్ సంస్థలోని ఒక్క గదిలో, బెరిబెరి విచారణ అని చిన్న పని మొదలుపెట్టాడు. తర్వాత ఐక్రాయిడ్ కాలంలో బియ్యం మీద పెద్ద పరిశోధన జరిగింది. ఆ ఒక్క గది పెరిగి 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. తార్నాకలో మనం రోజూ బస్సులోంచి చూసే జాతీయ పోషకాహార సంస్థ అదే. దాని పునాదిలో ఉన్నది తెల్లన్నం తిని కాళ్లు పోగొట్టుకున్న మనుషుల గోడు.

దవా ఎట్లా మర్జ్ అయింది

తెల్లన్నం ఒక్కటే చాందినీని ఇంత తొందరగా పడగొట్టి ఉండకపోవచ్చు. మిగతా సగం నా డబ్బాది.

రక్తం పారుడు తెచ్చేది కాక్సిడియా అనే పరాన్నజీవి. కోడి పేగుల్లో చేరుతుంది. దానికి కూడా బతకడానికి బీ వన్ కావాలి. 1960లో వచ్చిన ఆంప్రోలియం అణువు చూడటానికి బీ వన్‌లా ఉంటుంది, కానీ బీ వన్ చేసే పని చేయదు. పరాన్నజీవి మోసపోయి దాన్నే లోపలికి తీసుకుని ఆకలితో చస్తుంది. కోడి కన్నా పరాన్నజీవికి ఈ మోసం చాలా తక్కువ మోతాదులోనే తగులుతుంది కాబట్టి, సరైన కొలతలో, సరైన రోజులు ఇస్తే కోడికి ఏమీ కాదు. ఎంతో మంచి దవా. కొలత పెరిగినా, రోజులు పెరిగినా అదే మోసం కోడికీ జరుగుతుంది. మెదడుకూ నరాలకూ బీ వన్ అందదు. మెడ వెనక్కి విరుచుకుపోతుంది. దీన్నే చుక్కలు చూడటం అంటారట. నేనేమో తెల్లన్నం పెట్టి రాక తగ్గించాను, డబ్బా పొడితో ఉన్నదాన్ని కూడా అడ్డగించాను. రెండు తలుపులూ నా చేతులతోనే మూశాను.

ఇందులో మన ఇలాకాకు ఒక సబక్ ఉంది. పటాన్‌చెరు చుట్టూ దునియాకంతా గోలీలు తయారవుతాయి. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ దొరికింది. ఆ గోలీ మింగిన రోగి నెత్తురులో ఉండే దానికన్నా అది ఎక్కువ. మందు తక్కువై బాధపడే దేశాలున్నాయి. మన వాగు మందు ఎక్కువై బాధపడింది. ఆ వార్తలు చదివినప్పుడల్లా కంపెనీలను తిట్టుకున్నాను. నా ఇంట్లో, నా చెంచాతో, నేనూ అదే చేశాను. తక్కువైతే నష్టం, ఎక్కువైతే లాభం అనుకునే ఆలోచన మనందరిదీ. సర్ది చేస్తే మెడికల్ షాపులో రెండు గోలీలు అడిగి తెచ్చుకుని ఒకటి మింగి ఒకటి అల్మారాలో పెట్టుకునేది మనమే. 2019లో కోళ్లదాణాలో కొలిస్టిన్ అనే ఆఖరి ఆసరా మందును వాడొద్దని సర్కారు బందు పెట్టింది కూడా ఈ కారణానికే. జానవర్‌కు ఇష్టం వచ్చినట్టు పోసింది చివరికి ఇన్సాన్ దగ్గరికే తిరిగి వస్తుంది.

మన ఫిఖహ్‌లో జల్లాలా అనే మాట ఉంది. మురికి తినే జానవర్. అట్లాంటి కోడిని కోసే ముందు మూడు రోజులు కట్టేసి శుభ్రమైన దాణా పెట్టాలని ఉలమా చెప్తూ వచ్చారు. మందు వాడిన కోడి గుడ్లు, మాంసం ఇన్ని రోజులు తినొద్దని ఇప్పటి డబ్బాల మీద రాస్తారు. ఆ రెండు మాటల వెనక ఉన్న సమఝ్ ఒకటే: అది తిన్నది నువ్వు తింటావు, కాబట్టి ఆగు.

అమానత్

సూది పడింది పొద్దున పదింటికి. మగ్రిబ్ వేళకు చాందినీ తల వీపు మీది నుంచి లేచింది. పూర్తిగా కాదు, ఒక పక్కకు వాలి ఉంది. మర్నాడు పొద్దున ముక్కు నేలకు అందింది. బిడ్డ అరచేతిలో తవుడు పెడితే ఒక్కో పలుకూ ఏరుకుంది. నడక కుదురుకోవడానికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది. గోలీ నూరి నీళ్లలో ఇచ్చాం, డాక్టర్ సాబ్ రాసినంతే, రాసినన్ని రోజులే. ఇప్పుడు దానికి జొన్నలు, నూకలు, తవుడు, తోటకూర. కాసేపు డాబా దిగి మట్టిలో గీరుకోనిస్తున్నాం.

పక్కింటి అక్క పన్నెండు కోళ్లకూ ఏమీ కాలేదు, అల్హమ్దులిల్లాహ్. కానీ ఆమె భయం తప్పు కాదు. వాటిలో ఒక్కదానికి కూడా టీకా పడలేదు. డాక్టర్ సాబ్‌ను అడిగి, రోజు కుదుర్చుకుని, ఆమె కోళ్లనూ చాందినీనీ కలిపి బుట్టల్లో తీసుకుపోయి రాణీఖేత్ టీకా వేయించాం. అక్క దారంతా, "కోసెయ్యమన్న నోరు ఇది" అని తనను తాను తిట్టుకుంది. నేనన్నాను, "నువ్వు కొయ్యమన్నవు అక్కా, నేనైతే మూడు వారాల సంది చేసిన పనే అది."

అన్నిటికన్నా కష్టమైంది బిడ్డకు చెప్పడం. దవాఖానాలోనే సగం అర్థమైంది దానికి. ఆ రాత్రి అడిగింది, "అబ్బా, చాందినీకి బీమారీ నువ్వే తెచ్చినవా?" తక్దీర్ అని చెప్పి తప్పించుకోవచ్చు. నాలుక దాకా వచ్చింది ఆ మాట. "అవును బేటీ. నయం కావాలనే ఇచ్చిన, కానీ రాసింది చదవకుండా ఎక్కువ ఇచ్చిన" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి పోయి ఆ పొడి డబ్బా తెచ్చి, దాని మీద స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసింది: అయిదు రోజులే.

ఆ డబ్బా ఇప్పటికీ మా అల్మారాలో ఉంది. మీ ఇంట్లో కోడికి మెడ తిరిగితే ముందు వేరుగా పెట్టండి, పక్కవాళ్లకు చెప్పండి, డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి. పోయేటప్పుడు దాని దాణా ఏమిటో, మీరు ఏ దవా ఎన్ని రోజులు ఇచ్చారో దాచకుండా చెప్పండి. శరమ్ పడి నేను ఆ డబ్బా జేబులోనే ఉంచుకుని ఉంటే చాందినీ లేదు.

పోయిన వారం బిహార్ నుంచి వీడియో కాల్ వచ్చింది. ఇప్పట్లో తిరిగి రామన్నారు. వాళ్ల చిన్న పిల్ల ఫోన్‌లో ముర్గీని చూపించమంది. బిడ్డ ఎత్తి పట్టుకుంది. చాందినీ మెడ నిలబెట్టి ఫోన్ వైపు చూసింది.